ఓ రౌండు కొట్టిరా

నాన్న పోయిన కబురు నాకు రేపల్లెలో, ఆఫీసులో ఉండగా ఫోనులో తెలిసింది. తెనాలిలో మా పక్కింట్లో ఉండే పోస్టుమాస్టరుగారు చేశారు. "బాబూ, నాన్నగారికి కొంచెం సీరియస్‌గా ఉంది, బయల్దేరండి," అన్నారు. మా వైపు ఎవరైనా ఫోను చేసి 'కొంచెం సీరియస్' అన్నారంటే అప్పటికే అయిపోయిందని అర్థం. ఆ సంగతి అవతల చెప్పేవాళ్ళకీ తెలుసు, ఇవతల వినేవాళ్ళకీ తెలుసు. అయినా అలాగే చెబుతారు. "ఎప్పుడు పోయారండి?" అని అడిగాను. ఆయన కాసేపు నసిగి, "పొద్దున్నే, ఆరింటికి," అన్నారు.

ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. తెనాలి వెళ్ళే ప్యాసింజరులో కూర్చుని దారిపొడుగునా నాన్న మీద పళ్ళు నూరుకుంటూనే ఉన్నాను. చచ్చిపోయినవాళ్ళ మీద కోపం తెచ్చుకోకూడదంటారు. మా నాన్నలాంటి మనిషిని కన్నవాళ్ళుగానీ కట్టుకున్నవాళ్ళుగానీ ఆ మాట అనరు.

ఇంటికెళ్ళేసరికి అమ్మ వరండాలో గోడకానుకుని కూర్చుని ఉంది. నాన్న పొద్దున్నే లేచి, తెల్ల కాన్వాస్ బూట్లు తీసుకుని, అరుగు మీద కూర్చుని ఒక కాలికి లేసు కట్టుకున్నాడట. రెండో బూటు చేతిలో ఉండగానే పక్కకి ఒరిగిపోయాడట. "వారం రోజుల్నించీ ఎడం చెయ్యి లాగుతోందంటరా," అంది అమ్మ. "పక్కింటాయనతో అన్నారంట. నాతో అన్లేదు. నేనడిగితే గ్యాసన్నారు."

గ్యాసు! మా ప్రాంతపు మగవాళ్ళకి వేరే జబ్బులుండవు, గమనించారో లేదో. గుండె నొప్పొస్తే గ్యాసు. నిద్రపట్టకపోతే గ్యాసు. చెల్లెలి పెళ్ళి తప్పిపోయి మూడు రోజులు అన్నం ముట్టకపోయినా గ్యాసే. ఇన్ని వాము నీళ్ళు తాగి, ఓ సోడా కొట్టించుకుని, గట్టిగా తేన్చి, "ఇప్పుడు బానే ఉంది" అంటారు. వాళ్ళని నమ్మి మనం పక్కకి తిరిగి పడుకుంటాం. మా నాన్న ఈ విద్యలో ఆరితేరినవాడు.

నాన్న డ్రిల్లు మాస్టారు. నా చిన్నతనమంతా బాపట్లలో ఆయన పనిచేసిన హైస్కూలు గ్రౌండులోనే గడిచింది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి రాగానే బూట్లు ఉతికి, తడి ఆరకుండానే సుద్ద పూసి, ఎండలో గోడకి ఆనించి పెట్టేవాడు. వాటి మీద ఎవరి నీడా పడకూడదు. మెడలో విజిలుండేది. ఇంట్లో అన్నానికి పిలవాలన్నా ఒక్కోసారి విజిలేసేవాడు. అమ్మ వంటింట్లోంచి, "నేనేమన్నా తొమ్మిదో తరగతా?" అని అరిచేది.

ఆయనకి లోకంలో ఉన్న సమస్యలన్నిటికీ ఒకటే మందు. లెక్కల్లో తప్పాడా? "గ్రౌండు చుట్టూ ఓ రౌండు కొట్టిరా." కొట్టుకున్నారా? "ఇద్దరూ చెరో వైపు నుంచీ రౌండు కొట్టిరండి." ఒకసారి మా స్కూల్లో ఒక కుర్రాడి తండ్రి వాళ్ళని వదిలేసి ఎక్కడికో వెళ్ళిపోయాడు. వాడు వారం తర్వాత స్కూలుకొచ్చి వరసలో నిలబడి వెక్కుతుంటే, నాన్న వాడి భుజం మీద చెయ్యేసి అదే మాట అన్నాడు. వాడు ఏడుస్తూనే పరిగెత్తాడు. నాకు అప్పుడే అనిపించింది, ఈయనకి గుండె ఉండాల్సిన చోట స్టాప్‌వాచీ ఉందని.

ఆ మరుసటేడు ఆ మాట నాకూ తగిలింది.

మా తమ్ముడికి ఐదేళ్ళు. వాడికి జ్వరమొచ్చింది. మూడు రోజులు బాపట్లలో చూపించి, నాలుగో రోజు గుంటూరు తీసుకెళ్తుంటే దారిలో చేబ్రోలు దాటాక పోయాడు. నాకప్పుడు పన్నెండేళ్ళు. సమాధుల తోటలో పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ నాన్న అటెన్షన్‌లో నిలబడ్డాడు. చేతులు ఒంటికి అంటుకుని ఉన్నాయి. కంట్లో తడి లేదు. మూడో రోజు బూట్లేసుకుని, నన్నూ వెంటబెట్టుకుని స్కూలుకి బయల్దేరాడు. అమ్మ లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఆ సాయంత్రం డ్రిల్లు పీరియడ్‌లో వరసలో ఉండగా నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఎందుకో కూడా చెప్తాను. ఎత్తు ప్రకారం నిలబడమని నాన్న విజిలేశాడు. ఇంట్లో మా ఇద్దర్నీ కూడా అలాగే ఎత్తు ప్రకారం నిలబెట్టేవాడు, సరదాకి. తమ్ముడెప్పుడూ మడమలెత్తి నిలబడి దొరికిపోయేవాడు. అది గుర్తొచ్చింది. అందరి ముందూ భోరుమన్నాను. నాన్న నా దగ్గరికొచ్చాడు. ఇప్పుడైనా దగ్గరికి తీసుకుంటాడనుకున్నాను. నా వైపు కూడా కాదు, నా తల మీదుగా ఎటో చూస్తూ, "గ్రౌండు చుట్టూ ఓ రౌండు కొట్టిరా," అన్నాడు.

పరిగెత్తాను. గ్రౌండుకి అవతలి మూల ప్రహరీ గోడ కూలిపోయి నడుమెత్తు మాత్రమే ఉండేది. అక్కడిదాకా పరిగెత్తి, ఆ గోడ దూకి ఇంటికెళ్ళిపోయాను. కడుపునొప్పని అమ్మకి చెప్పి పడుకున్నాను. నాన్న బాగా చీకటిపడ్డాక వచ్చాడు. బూట్లు వాటి చోటులో పెట్టాడు, కాళ్ళు కడుక్కున్నాడు, తిన్నాడు. నేను మధ్యలో పారిపోయిన సంగతి ఒక్క ముక్కైనా అడగలేదు. కనీసం చూడనుకూడా లేదన్నమాట, అనుకున్నాను.

ఆ తర్వాత పదహారేళ్ళపాటు నేను ఎక్కడా పరిగెత్తలేదు. మీరు నవ్వుతారేమోగానీ నిజం. బస్సు వెళ్ళిపోతున్నా పరిగెత్తేవాణ్ణి కాదు, ఇంకోటి వస్తుందిలే అని నిలబడేవాణ్ణి. ఇంట్లో తమ్ముడి పేరు ఎవరూ ఎత్తలేదు. వాడి ఫోటో బీరువాలో బట్టల కిందకి వెళ్ళిపోయింది.

నాన్న రిటైరై తెనాలిలో ఇల్లు తీసుకున్నాక నేను రేపల్లె నుంచి రెండు వారాలకోసారి ఆదివారం వెళ్ళేవాణ్ణి. మా తండ్రీకొడుకుల సంభాషణంతా మీకు ఇక్కడే రాసేయగలను. "బస్సు దొరికిందా?" "దొరికింది." "సీటు?" "దొరికింది." "తిన్నావా?" "తిన్నా." అంతే. మళ్ళీ సాయంత్రం బయల్దేరేటప్పుడు, "టిక్కెట్టుకి చిల్లరుందా?" ఒకసారి విసుగెత్తి, "నాన్నా, నీకు నాతో ఇంకేమీ మాట్లాడబుద్ధి కాదా?" అని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఏదో చెప్పబోతున్నాడని నేను ముందుకి వంగాను. "రైలుకెళ్ళొచ్చుగా, కుదుపు తక్కువ," అన్నాడు. గోడకి చెప్పుకున్నా ఇంతకంటే మంచి జవాబొస్తుంది.

చివరి రెండేళ్ళూ మరీ దారుణం. గ్రౌండు లేదు, పిల్లల్లేరు. విజిలు గుప్పిట్లో పట్టుకుని వరండాలో గోడకేసి చూస్తూ గంటలు గంటలు కూర్చునేవాడట. అమ్మ అడిగితే గ్యాసు. శనివారం సాయంత్రాలు మాత్రం, "గ్యాసు పట్టేసింది, అలా నడిచొస్తా," అని వెళ్ళి రెండు గంటల తర్వాత వచ్చేవాడట. నాకు అమ్మ ఇదంతా చెప్తే, "చెప్పుకుంటేగా మనకి తెలిసేది? చెప్పడుగా!" అని నేనే ఎగిరాను.

ఇప్పుడు ఆ శనివారాల సంగతి.

నాన్న పోయిన పదో రోజున ఇంటివాళ్ళని ఓదార్చడానికి చేసే ఆదరణ కూడిక మా ఇంటి దగ్గర పెట్టారు. వచ్చినవాళ్ళందరూ నాకు ధైర్యం చెప్పారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా. "మగాడివి, నువ్వే అధైర్యపడితే ఎలా?" అన్నవాళ్ళే ఎక్కువ. అందరూ వెళ్ళాక ఒక ముసలి డాక్టరుగారు మాత్రం ఆగిపోయారు. ప్రభుత్వాసుపత్రిలో చేసి రిటైరైన మనిషి. తెనాలిలో మా చర్చి వెనకున్న గదిలో శనివారం సాయంత్రాలు మగవాళ్ళని కూర్చోబెట్టి, వాళ్ళ మనసులో బాధలు చెప్పించుకుంటారని విన్నాను. ఊళ్ళో దాన్ని పిచ్చి గది అనేవాళ్ళు.

"మీ నాన్నగారు రెండేళ్ళుగా మా దగ్గరికొచ్చేవారండి," అన్నారు.

అమ్మా నేనూ మొహమొహాలు చూసుకున్నాం.

"మాట్లాడేవారా?" అని అడిగాను.

"ఒక్క ముక్క కూడా లేదండి. ముందుగా వచ్చి కుర్చీలేసేవారు. నేను గుండ్రంగా వేయమంటాను, ఆయన వరసగా వేసేవారు. నేను జరిపేవాణ్ణి, ఆయన మళ్ళీ వరస చేసేవారు. చివరికి నేనే ఊరుకున్నాను." డాక్టరుగారు సంచిలోంచి ఒక పొట్లం తీశారు. "బాపట్లలో కూడా ఒక గది తెరుస్తున్నామండి. కరపత్రాలు పంచాం. మగాళ్ళు కరపత్రం తీసుకుంటారు, మడిచి జేబులో పెట్టుకుంటారు, రారు. అప్పుడు మీ నాన్నగారన్నారు, 'నేను కర్లపాలెం నుంచి బాపట్ల దాకా పరిగెడతానండి. అరవయ్యేళ్ళవాడు పరిగెడితే నలుగురూ ఏంటని అడుగుతారు. అడిగితే చెప్తాం' అని. రోజూ పొద్దున్నే ప్రాక్టీసు కూడా మొదలుపెట్టారు."

అదన్నమాట ఆ బూట్లు. ఎడం చెయ్యి లాగుతుంటే గ్యాసని చెప్పి, పదికి పైగా కిలోమీటర్లు పరిగెత్తడానికి ప్రాక్టీసు! తల బాదుకోవాలనిపించింది. నోరు విప్పి బాధ చెప్పుకోమని ఊరందరికీ చెప్పడానికి, తన నొప్పి ఇంట్లో చెప్పకుండా పరిగెత్తాడు మహానుభావుడు.

పొట్లంలో బనీను ఉంది. నాన్న దగ్గరుండి పెయింటరుతో రాయించాడట. వీపు మీద 'మనసు బాలేని మగవాళ్ళ కోసం పరుగు' అని రాయమన్నాడు. ఆ పెయింటరు అక్షరాలు ఇంతింత లావున మొదలుపెట్టి, చోటు చాలక 'కోసం' తీసేశాడు. చివరికి బనీను మీద మిగిలింది, 'మనసు బాలేని మగవాళ్ళ పరుగు'.

"దిద్దిద్దామన్నానండి," అన్నారు డాక్టరుగారు. "పర్లేదులెండి, ఇదీ నిజమేగా అన్నారు మీ నాన్నగారు."

నేను పరిగెడతానని నేను అనలేదు. ఆ పొట్లం నా చేతిలో పెట్టింది అమ్మ. "ఆయన సగంలో వదిలేసింది నువ్వు పూర్తి చెయ్యి," అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. "నేను సగంలో వదిలేసిన రౌండు గురించి ఆయనెప్పుడైనా అడిగాడా?" అన్నాను. అమ్మకి ఆ సంగతి తెలియదు. అర్థంకాక నా మొహంలోకి చూసింది. చూసి, "అడక్కపోతే నువ్వే చెప్పొచ్చుగా," అంది. ఆ ఒక్కమాటకి ఒప్పుకున్నాను. భక్తితో కాదు, మాట పడలేక.

నెల తర్వాత ఒక శనివారం పొద్దున్నే కర్లపాలెం చర్చి ముందు ఆ బనీనేసుకుని నిలబడ్డాను. నాకు తోడుగా సైకిలు మీద మస్తానన్న వచ్చాడు. స్కూల్లో నాకంటే మూడేళ్ళు సీనియరు, బాపట్లలో సైకిలు షాపు నడుపుతాడు. మాస్టారి శిష్యుణ్ణని ఎక్కడికెళ్ళినా చెప్పుకుంటాడు. హ్యాండిల్‌కి నీళ్ళ డబ్బా తగిలించుకుని నా పక్కన మెల్లగా తొక్కడం మొదలుపెట్టాడు.

మా రోడ్ల మీద పనీపాటా లేకుండా పరిగెత్తే పెద్దమనిషిని ఆ రోజుల్లో ఎవరూ చూసి ఉండరు. రెండు ఫర్లాంగులు వెళ్ళానో లేదో లారీ ఒకటి పక్కన ఆగింది. "బస్సు తప్పిపోయిందాండి? ఎక్కండి, వంతెన దగ్గర పట్టేద్దాం!" అన్నాడు డ్రైవరు. కాదండి, ఊరికే పరిగెడుతున్నానంటే అనుమానంగా చూశాడు. ఇంకాస్త ముందుకెళ్ళాక ఒక పెద్దాయన సైకిలు దిగి, "ఎవరికి బాబూ సీరియస్సు?" అని అడిగాడు. ఎవరికీ కాదండి, మగవాళ్ళ మనసు బాగుండాలని పరిగెడుతున్నానన్నాను. "మనసుకేమైంది? పొలానికి నీళ్ళు రావట్లేదు, దానికి పరిగెత్తచ్చుగా," అన్నాడాయన. ఇంకో చోట ఇద్దరు కుర్రాళ్ళు నా వెనకే పరిగెత్తుకొచ్చారు. ముందు దొంగ పోతున్నాడనుకున్నారట. చెప్పీ చెప్పీ నోరెండిపోయింది. ఒక్కడు కూడా 'ఆ గది ఎక్కడండి' అని అడిగిన పాపాన పోలేదు.

సగం దారిలో అసలు కథ జరిగింది. రోడ్డు పక్క పొలంలో ఆడవాళ్ళు నాట్లేస్తున్నారు. వాళ్ళలో ఒక పెద్దావిడకి చదువొచ్చు. నా వీపు మీదది పైకి చదివినట్టుంది. "అమ్మో! మనసు బాలేదంట! ఇంట్లోంచి వచ్చేసినట్టున్నాడే, పట్టుకోండే!" అని కేక వినిపించింది. నేను తిరిగి చూసేలోపే నలుగురు బురద కాళ్ళతో గట్టెక్కి నన్ను చుట్టేశారు. విడిపించమని మస్తానన్న వైపు చూశాను. ఆయన సైకిలు స్టాండేసి చక్కగా చోద్యం చూస్తున్నాడు.

"కూర్చో నాయనా, కూర్చో," అని ఆ పెద్దావిడ నన్ను గట్టు మీద కూలేసింది. తన సత్తు క్యాన్లో మజ్జిగ మూతలో పోసి నోటికందించింది. "మొహం చూడు, ఎట్టా పీక్కుపోయిందో. మీ వాళ్ళెవరయ్యా? ఏంటి నీ బాధ? చెప్పు."

పొద్దుట్నించీ నేను ఎదురుచూస్తున్న ప్రశ్న అదే. దానికోసమే ఈ వేషం. ఆవిడ నా కళ్ళలోకి చూస్తోంది. నాన్న అనాలనుకున్నాను, తమ్ముడు అనాలనుకున్నాను. నోరు తెరిచి, "ఏం లేదండి," అన్నాను. "గ్యాసు."

మస్తానన్న పగలబడి నవ్వాడు. పొట్ట పట్టుకుని రోడ్డు మీదే చతికిలబడ్డాడు. "మాస్టారే! అచ్చం మాస్టారే!" నాకు తన్నాలనిపించింది. ఎవర్ని తన్నాలో తెలియలేదు.

ఆడవాళ్ళకి విషయమంతా విడమరిచి చెప్పాక వదిలిపెట్టారు. ఆ పెద్దావిడ, "మా ఆయన్నోసారి పంపిస్తా మీ గదికి. మా కోడలు పోయిన కాడినుంచీ ఉలుకూ పలుకూ లేదు. ఎక్కడయ్యా ఆ గది?" అంది. ఆ దారిలో గది అడ్రసు అడిగింది ఆవిడొక్కతే.

మళ్ళీ పరుగందుకున్నాను. ఎండ ముదిరింది. కోపంగా ఉంది, ఆయాసంగా ఉంది. "ఇదంతా ఆయన చేసిందే," అన్నాను మస్తానన్నతో. "జీవితమంతా ఎవరేడ్చినా రౌండు కొట్టమన్నాడు. ఒక్కణ్ణి పిలిచి నీ బాధేంటని అడిగాడా? ఇప్పుడేమో చెప్పుకోవాలంట!"

మస్తానన్న సైకిలు తొక్కడం ఆపాడు. "అదేంటి? రౌండయ్యాక అడిగేవారుగా?"

"ఎవరు?"

"మాస్టారే! బోరింగు దగ్గర గట్టు మీద స్టీలు గ్లాసుతో నీళ్ళు పట్టుకుని కూర్చునేవారు కదా. రౌండు కొట్టి వస్తే పక్కన కూర్చోబెట్టుకుని, నీళ్ళు తాగనిచ్చి, 'ఇప్పుడు చెప్పు' అనేవారు. మా నాన్న మమ్మల్నొదిలేసి పోయినప్పుడు ఇంట్లో ఎవరికీ చెప్పనివి నేనాయనకే చెప్పా. ముందే అడిగితే ఏడుపొచ్చి మాట రాదంట. రౌండు కొట్టాక ఊపిరి అందకపోతే ఏడవడానికి కుదరదు, అప్పుడు మాటొస్తుందంట. అదీ ఆయన లెక్క. నీకు తెలీదా? 'కొట్టు' అనలేదుగా ఆయన, 'కొట్టిరా' అన్నారు."

కొట్టి, రా. కొట్టి, తిరిగి నా దగ్గరికి రా. మనం ఎవర్నైనా పంపేటప్పుడు వెళ్ళు అనం, వెళ్ళిరా అంటాం. పుట్టిన దగ్గర్నించీ ఈ భాషే మాట్లాడుతున్నాను. ఇన్నేళ్ళూ ఆ మాటలో కొట్టు ఒక్కటే నాకు వినబడింది.

"నువ్వు గోడ దూకిన రోజు నేను కబడ్డీ ప్రాక్టీసులో ఉన్నా," అన్నాడు మస్తానన్న, నా వైపు చూడకుండా. "మాస్టారు గ్లాసులో నీళ్ళు పట్టి, దుమ్ము పడకుండా అరచెయ్యి మూతపెట్టి, గట్టు మీదే కూర్చున్నారు. మా ఆటైపోయింది, ఆయన కదల్లేదు. చీకటి పడింది. వాచ్‌మన్ వచ్చి గేటేస్తానండీ అన్నాడు. 'ఉండవయ్యా, ఒకడింకా రౌండులోనే ఉన్నాడు' అన్నారు."

నేను రోడ్డు మధ్యలో ఆగిపోయాను. కోపమే వచ్చింది మళ్ళీ, దాచుకోను. ఇంటికొచ్చి నా మంచం పక్కన కూర్చుని 'ఇప్పుడు చెప్పు' అంటే ఆయన సొమ్మేం పోయింది? అక్కడ గట్టు మీద అడగగలిగినవాడు ఇంట్లో ఎందుకు అడగలేకపోయాడు? నాకు ఇప్పటికీ తెలియదు. తిరిగొచ్చినవాడినే అడగగలడేమో, పారిపోయినవాడి వెనక రావడం ఆయనకి చేతకాలేదేమో. నేనైనా పదహారేళ్ళలో ఒక్కసారి తిరిగెళ్ళి ఉండొచ్చు. వెళ్ళలేదు. ఇద్దరికిద్దరం!

బాపట్ల స్కూలు గ్రౌండుకి చేరేసరికి పది దాటింది. డాక్టరుగారు, పాస్టరుగారు, ఇంకో పదిమంది దాకా ఉన్నారు. చప్పట్లు కొట్టారు. నేను ఆగలేదు. గేటులోంచి ఎడమ వైపుకి తిరిగి గ్రౌండు చుట్టూ పరిగెత్తాను. ఆ మూల గోడ ఎప్పుడో కట్టేశారు. దాన్ని దాటుకుని, పదహారేళ్ళ కిందట నేను వదిలేసిన సగాన్ని పూర్తిచేస్తూ బోరింగు దగ్గరికి వచ్చాను.

గట్టు మీద అమ్మ కూర్చుని ఉంది. తెనాలి నుంచి పొద్దున బస్సుకి వచ్చిందట. పక్కన స్టీలు గ్లాసుతో నీళ్ళున్నాయి. ఆవిడకేమీ తెలియదు, దాహమేస్తుందని పట్టి పెట్టింది. తాగాను. ఊపిరి అందడం లేదు, ఏడవడానికి నిజంగానే కుదరలేదు. "అమ్మా, తమ్ముడు మడమలెత్తి నిలబడేవాడు, గుర్తుందా?" అన్నాను. అమ్మ కొంగుతో నా చెమట తుడుస్తూ, "ఎడం మడమ ఎక్కువెత్తేవాడు," అంది. ఇక మా మాటలాగలేదు. వాడి పేరు పెట్టి, వాడి జ్వరం, వాడి చొక్కాలు, వాడు దాచిపెట్టుకున్న సుద్దముక్కలు, అన్నీ. ఆ గట్టు మీద మేమిద్దరం అరగంట మాట్లాడుకున్నాం. ఈ మాటల్లో మూడోవంతు నాన్న ఉండగా మాట్లాడుకుని ఉంటే ఎంత బాగుండేది!

అందరూ వెళ్ళిపోతుండగా ఒకాయన వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. లుంగీ, భుజాన తువ్వాలు, చేతిలో మా కరపత్రం ఎనిమిది మడతలు పెట్టి ఉంది. ఇంతసేపూ గేటు బయటే తచ్చాడుతున్నట్టున్నాడు.

"ఏంలేదండి," అన్నాడు. "ఊరికే వచ్చా. ఇక్కడ... చెప్పుకోవచ్చంటగా?"

డాక్టరుగారి గది అటుందండి అని చెప్పబోయాను. ఆయన పెదవి వణుకుతోంది. ఇప్పుడడిగితే ఈయనకి మాట రాదు. గ్యాసంటాడు, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోతాడు.

"ముందు ఈ గ్రౌండు చుట్టూ ఓ రౌండు కొట్టి రండి," అన్నాను. "నేనిక్కడే ఉంటాను."

ఆయన నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. బనీను మీద రాసింది ఆయన కూడా చదివే ఉంటాడు. తర్వాత ఏమనుకున్నాడో, చెప్పులు గట్టు కింద విడిచి, లుంగీ ఎగ్గట్టి, సిగ్గుపడుతూ మెల్లగా పరుగు మొదలుపెట్టాడు.

నేను బోరింగు కొట్టి గ్లాసు నింపుకుని వచ్చి కూర్చున్నాను. గ్రౌండులో గాలికి దుమ్ము లేస్తోంది. గ్లాసు మీద అరచెయ్యి మూతపెట్టాను. ఆయన ఆ చివర, కొత్తగా కట్టిన గోడ దగ్గర, నడుం మీద చేతులేసుకుని ఆగాడు. ఇటు చూశాడు.

అమ్మ సంచి భుజానికి తగిలించుకుంది. "పన్నెండింటి బస్సు వెళ్ళిపోతుందిరా. లే."

"ఉండమ్మా," అన్నాను. "ఒకాయనింకా రౌండులోనే ఉన్నారు."